లోతువైపు గడి

ఈతకొలను హాల్లో అందరూ ఆమెను గడియారం అని పిలిచేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు. ఆమెకు కోపం రావడం లేదని తెలిశాక మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఆమెకు ఆ పేరు బాగానే ఉందనిపించింది. గడియారాన్ని చూసి విసుక్కునేవాళ్లు కూడా దాన్ని చూసే కదా బయల్దేరేది.

నీళ్ల పరీక్ష ఆమె ఉద్యోగం. పొద్దున్నే తలుపులు తెరవకముందు మూడు కొలతల క్లోరిన్ పొడి బకెట్టు నీళ్లలో కలిపి లోతువైపు గట్టు వెంబడి పోయాలి. గంట ఆగాలి. ఆ తర్వాత లోతు తక్కువున్న వైపు నుంచి ఒక గాజు గొట్టం, లోతువైపు నుంచి ఒక గాజు గొట్టం నీళ్లు పట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో బిళ్ల వేస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఆ రంగును కార్డు మీది రంగులతో పోల్చి రిజిస్టర్లో రెండు గళ్లలో రెండు అంకెలు వెయ్యాలి. రోజు మొత్తంలో రెండు గంటలకోసారి ఇదే పని. ఆరేళ్లలో ఆమె ఒక్క గడి ఖాళీగా వదల్లేదు. వదిలిన వాళ్లను ఊరుకోలేదు కూడా. గట్టు మీద పిల్లల్ని పరుగెత్తనిచ్చాడని ఈత మాస్టారి మీద, పంపు గదిలో బీడీ కాల్చాడని మెకానిక్ మీద ఆమె రాసిన కాగితాలు మేనేజరు సొరుగులో ఒక కట్ట ఉండేవి.

ఆ మంగళవారం ఆమె ఐదూ నలభైకి పొడి కలిపింది. గట్టు వెంబడి సగం దూరం పోసిందో, మొత్తం పోసిందో, అప్పుడే బట్టలు మార్చుకునే గది గోడలోకి డ్రిల్లు దిగింది. కొత్త కొక్కేలు బిగించడానికి ఎవరో ఇద్దరు వచ్చారట. వస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ ఎత్తైన హాల్లో, పలకల గోడల మధ్య, నీళ్ల మీద ఆ చప్పుడు ఒకటికి నాలుగై తిరిగింది. చెవుల్లో కాదు, పళ్లలోకి దిగింది. బకెట్టు ఎక్కడ పెట్టిందో, ఎలా నడిచిందో ఆమెకు తెలియలేదు. స్టోర్ గదిలో పొడి డబ్బాల వెనక గొంతుక్కూర్చుని, అరచేతులతో చెవులు నొక్కి పట్టుకుని, నేల మీద పలకల్ని వరసగా లెక్కపెట్టింది. నూట నలభై నాలుగు దాకా వచ్చాక చప్పుడు ఆగింది.

తిరిగొచ్చి చూస్తే బకెట్టు గట్టు మీద ఉంది. ఖాళీగా ఉంది. లోపలంతా తడి. పోసిన బకెట్టూ తడిగానే ఉంటుంది, కడిగి పెట్టిన బకెట్టూ తడిగానే ఉంటుంది. ఆమె చాలాసేపు దాని వైపు చూసింది. చప్పుడుకు ముందు ఏం చేసిందో గుర్తు రాలేదు. ఇంకా కలపలేదనుకుంది. మళ్లీ మూడు కొలతలు వేసి కలిపి, గట్టు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పోసింది.

ఏడు కావస్తుండగా లోతు తక్కువ వైపు నీళ్లు పరీక్షించింది. రంగు ఉండాల్సిన చోటే ఉంది. అంకె వేసింది. గొట్టం పట్టుకుని లోతువైపు నాలుగడుగులు వేసిందో లేదో, అటువైపు గోడలో డ్రిల్లు మళ్లీ మొదలైంది. కాళ్లు ముందుకు పడలేదు. అద్దాల తలుపు అవతల పిల్లలు ముక్కులు అద్దానికి ఆనించి నిలబడ్డారు. గోడ గడియారం ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. ఆమె లోతువైపు గడి ఖాళీగా వదిలేసి, చప్పుడు ఆగగానే రాద్దామనుకుని, వెళ్లి 'మూసి ఉంది' అన్న బోర్డును 'తెరిచి ఉంది' వైపు తిప్పింది.

ఏడూ ఇరవైకి కాపలా అమ్మాయి పొడుగ్గా ఈల వేసింది. ఆ అమ్మాయిని అందరూ విజిల్ అనేవారు. మామూలుగా పొట్టిపొట్టిగా వేసేది. ఇది ఊపిరంతా పెట్టి వేసిన ఈల. లోతువైపు దిగిన ఎనిమిదిమంది పిల్లలు కళ్లు నులుముకుంటూ నిచ్చెన ఎక్కుతున్నారు. వాళ్లలో పసుపు టోపీ పెట్టుకున్న చిన్న పిల్ల గట్టు మీద కూలబడి ఆపకుండా దగ్గుతోంది.

అప్పుడు మాత్రం గడియారం చేతులు తడబడలేదు. కిటికీలన్నీ బార్లా తెరిచింది. బోర్డు తిప్పింది. పిల్లల్ని కుళాయిల దగ్గర వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరి రెప్పలు విప్పి పట్టుకుని, విజిల్ నీళ్లు పోస్తుంటే ఒకటి నుంచి అరవై దాకా పైకి లెక్కపెట్టింది. దగ్గుతున్న పిల్లను వాళ్లమ్మ ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. అందరూ వెళ్లాక లోతువైపు నీళ్లు పట్టి బిళ్ల వేసింది. రంగు కార్డు మీది ఆఖరి గడి కూడా దాటిపోయి, సిరా ఒలికినట్టు ముదిరింది.

మేనేజరు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఏమైంది? ఏమైందిక్కడ?"

"సార్, నేను బకెట్టు..." అని ఆమె మొదలుపెట్టింది. గాభరా పడ్డప్పుడు ఆమెకు మాటలు ఒకదాని వెనక ఒకటి రావు. అన్నీ ఒకేసారి తలుపు దగ్గరికి వచ్చి ఇరుక్కుపోతాయి.

"నువ్వు వెళ్లి కూర్చో అమ్మా. కాసిని మంచినీళ్లు తాగు. చూసుకోడానికి మేమున్నాంగా," అన్నాడాయన. కోప్పడలేదు. జ్వరమొచ్చిన పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. అప్పటికే ఆమె అక్కకు ఫోను చేసేశాడు.

అక్క ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. మెడలో టేపు వేలాడుతుండగానే వచ్చేసింది. వసారాలో మేనేజరు ఆమెకు సర్దిచెబుతున్నాడు. గొంతు తగ్గించాననుకున్నాడు గానీ ఆ హాల్లో ఏ గొంతూ తగ్గదు.

"ఆమెనేం అనం లెండి. ఆటిజం ఉన్న మనిషిని పట్టుకుని బాధ్యత నీదంటే న్యాయమా? మందు పోసే మిషను పాడైందని రాసేస్తున్నా. ఆ పాపకి కూడా తగ్గిందట, కళ్లు బానే ఉన్నాయన్నారట డాక్టరు. ఇక్కడితో వదిలెయ్యండి."

"మీ మేలు మర్చిపోను సార్," అంది అక్క.

బల్ల మీద కూర్చుని వింటున్న గడియారానికి భుజాలు ఒక్కసారిగా కిందికి జారాయి. పాపకు తగ్గింది. తననేమీ అనరు. అంతే చాలు అనిపించింది. ఇంటికెళ్లి మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. అలా నిద్ర పట్టినందుకు తర్వాత చాలాసార్లు సిగ్గుపడింది.

*

బుధవారం కొలను మూసే ఉంది. నీళ్లు సగం తీసేసి కొత్త నీళ్లు నింపుతున్నారు. ఆమె మామూలు వేళకే వెళ్లి రిజిస్టరు తెరిచింది. మంగళవారం పేజీలో లోతువైపు గడి ఖాళీగానే ఉంది. దాని కింద మేనేజరు గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'మందు పోసే పంపులో లోపం వల్ల క్లోరిన్ పెరిగింది.' పంపు ఒకటి రోజంతా బొట్టుబొట్టుగా మందు వదులుతూ ఉండే మాట నిజమే. కానీ ఆ బొట్లతో నీళ్లు అలా సిరాలా మారడానికి వారం పడుతుంది.

పక్కనే గోడ మీద డ్యూటీ చార్టు. అందులో నీళ్ల పరీక్షకు ఎదురుగా ఆమె పేరు కొట్టేసి ఉంది. కింద, లాకర్ తాళాలకు ఎదురుగా రాసి ఉంది.

ఆమె చార్టును రెండుసార్లు చదివింది. తప్పు పంపుది అని పక్క పేజీలో ఉంది. పని తీసేసింది తన దగ్గర్నుంచి. రెండూ ఒకే చేతిరాత.

పంపు గది మెట్టు మీద మెకానిక్ కూర్చున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అందరికీ బాబాయే. పంపు బాబాయ్ అనేవారు. ఆయన ముందు పాత గోనెగుడ్డ మీద పంపు ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. గొట్టాలు ఒకచోట, వాషర్లు ఒకచోట, స్క్రూలు మూతలో. ఒక్కో ముక్కా ఎత్తి వెలుతురుకేసి పట్టి చూస్తున్నాడు.

"ఇది మూడోసారి విప్పడం," అన్నాడు ఆమె అడగకుండానే. "ఎక్కడుందో దొరకట్లేదు గడియారం. రబ్బరు బానే ఉంది. వాల్వు బానే ఉంది. మరి ఎక్కడ పోయినట్టు?"

ఆమె మూతలోని స్క్రూల వైపు చూసింది.

"రేపు పై ఆఫీసు నుంచి ఎవరో మేడమ్ వస్తోందట. శుక్రవారం పంపు చూశానని సంతకం నాది. సంజాయిషీ రాసుకు రమ్మన్నాడు మేనేజరు. ఏం రాయను? కనపడని లోపానికి ఏమని రాస్తాం?" ఆయన వేళ్ల మధ్య ఉన్న చిన్న రబ్బరు ముక్కను అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. "ఆ పిల్ల దగ్గు వినపడిందా నీకు? నేను పైన ఉన్నా. పైదాకా వినపడింది."

"వినపడింది," అంది ఆమె.

అక్కణ్ణుంచి నేరుగా స్టోర్‌లోకి వెళ్లింది. సోమవారం సాయంత్రం పొడి డబ్బా బరువు స్టాకు పుస్తకంలో తనే రాసింది. త్రాసు ముల్లు సున్నా మీద ఉందని చూసుకుని డబ్బాను దాని మీదికి ఎత్తింది. సోమవారం అంకె నుంచి మూడు కొలతలు తీసేస్తే ఎంత ఉండాలో అంత లేదు. సరిగ్గా ఇంకో మూడు కొలతలు తక్కువ. మళ్లీ దించి మళ్లీ ఎత్తింది. ముల్లు అక్కడే ఆగింది. తడి బకెట్టు ముందు నిలబడ్డప్పటి సందేహం ఇప్పుడు లేదు. రెండుసార్లు పోసింది తనే.

బయటికొస్తే బాబాయ్ పంపును నాలుగోసారి విప్పుతున్నాడు. ఆమె ఆయన పక్కనుంచి నడిచి వెళ్లి తాళాల కౌంటర్లో కూర్చుంది. కొలను మూసి ఉంది కాబట్టి తాళాలు అడగడానికి ఎవరూ రాలేదు. నూట ఇరవై తాళాల్ని అంకెల వరసలో సర్దింది. అవి ముందే వరసలో ఉన్నాయి. జరిగింది రాయాలన్నది నియమం. మేనేజరు రాశాడు. అంటే రాయడం అయిపోయింది కదా అని తనకు తాను చెప్పుకుంది. సాయంత్రం దాకా అదే చెప్పుకుంటూ కూర్చుంది. ఒక్కసారి కూడా సరిగ్గా అతకలేదు.

*

"ఎవరికైనా చెప్పావా?" అంది అక్క. మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపేసింది.

"లేదు. నీకే."

"చెప్పకు."

"అక్కా..."

"చెప్పకు అంటున్నానా! ఇంతకాలం నువ్వు చెయ్యని వాటికి కూడా నిన్ను అన్నారు. పలకరించలేదని అన్నారు, నవ్వలేదని అన్నారు, మొహం చూసి మాట్లాడదని అన్నారు. ఒక్కసారి చేసినదానికి అనకుండా వదిలేశారు. చెల్లుకు చెల్లు అనుకో."

"పంపు బాబాయ్ నన్ను ఏమీ అనలేదు. ఒక్క బీడీ కాగితం రాసినప్పుడు తప్ప."

అక్కకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. "ఆయనకేం అవుతుంది? పెద్దాయన, నాలుగు మాటలంటే పడతాడు, పోతాడు. నీకలా కాదు. ఈ ఉద్యోగం దొరకడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కామో నీకు గుర్తుందో లేదో, నాకుంది. మళ్లీ ఎక్కే ఓపిక నాకు లేదే తల్లీ."

గడియారం కింద పడ్డ గుడ్డముక్కల్ని రంగుల వారీగా ఏరుతోంది. మాట కూడదీసుకోడానికి ఆమెకు చేతికి పని ఉండాలి. "నువ్వు ఒకరి జాకెట్టు చెయ్యి పొట్టిగా కోసేశావనుకో. ఏం చేస్తావు?"

"ఇంకో ముక్క తెచ్చి మళ్లీ కుడతా."

"ఎవరు తప్పు కోశారని చెప్తావు?"

"నేనే కోశానంటా. ఇంకెవరున్నారిక్కడ?"

"తర్వాత వాళ్లు మళ్లీ నీ దగ్గరికే వస్తారా?"

"చాలామంది వస్తారు."

"ఆవిడకేం తెలీదు పాపం, కత్తెర దానంతటదే తెగింది అని ఎవరైనా చెబితే? వాళ్లు నీ మీద కోప్పడరు. కానీ మళ్లీ గుడ్డ ఇస్తారా నీకు?"

అక్క దారం తెంపి ముడి వేసింది.

"నన్ను తాళాల దగ్గర కూర్చోబెట్టారక్కా. తప్పు నాది కాదన్నారు కదా. మరి నీళ్ల దగ్గర్నుంచి ఎందుకు తీశారు?"

అక్క లేచి అన్నం వడ్డించింది. ఆ పూట ఇద్దరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ చెప్పవద్దని కూడా అక్క మళ్లీ అనలేదు.

*

గురువారం పదింటికి పై ఆఫీసు నుంచి ఆవిడ వచ్చింది. పొట్టిగా, కళ్లజోడుతో, చంకలో ఫైలుతో, చూడ్డానికి బడి పంతులమ్మలా ఉంది. మేనేజరు గదిలో కూర్చుని ముందు బాబాయ్‌ని పిలిపించింది. గది తలుపు మూసుకుంది.

గడియారం తాళాల కౌంటర్లో తెల్లకాగితం మీద రాస్తోంది. నోటితో చెబితే మాటలు ఇరుక్కుంటాయని ముందే తెలుసు. ఏడు వాక్యాలు రాసింది. డబ్బా బరువు సోమవారం ఎంత, బుధవారం ఎంత, రెండు అంకెలూ వేసింది. సంతకం పెట్టింది. నీళ్ల మీద పనిచేసే వాళ్లను మొదటి తప్పుకే తీసేసిన సంగతులు ఆమె వినివుంది. కౌంటరు మీద 'ఇప్పుడే వస్తాను' అన్న బోర్డు పెట్టి, వెళ్లి తలుపు తట్టింది.

"తర్వాత రామ్మా, ఇక్కడ మాట్లాడుతున్నాం," అన్నాడు మేనేజరు.

ఆమె లోపలికి వచ్చి నిలబడింది. బాబాయ్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. ఒళ్లో టోపీ. బల్ల మీద ఆయన రాసిన సంజాయిషీ, సగం దాకా వచ్చి ఆగిపోయింది.

"పంపులో లోపం లేదు," అంది గడియారం. "నేను రెండుసార్లు పోశాను."

మేనేజరు లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఈమెకి కొంచెం... ఆటిజం అండీ. చాలా మంచి పిల్ల. కంగారు పడిందంటే తప్పంతా తన మీదే వేసేసుకుంటుంది. మీరేం పట్టించుకోకండి."

"కంగారు పడితే నేను స్టోర్ రూంలోకి వెళ్తాను సార్," అంది ఆమె. "తప్పులు మీద వేసుకోను. మంగళవారం కూడా స్టోర్ రూంలోకే వెళ్లాను. అది మూడో వాక్యంలో ఉంది." కాగితం బల్ల మీద పెట్టింది.

ఆవిడ కళ్లజోడు సవరించుకుని కాగితం చదివింది. తిరిగి మొదటి నుంచి చదివింది. తర్వాత కుర్చీ చూపించింది. "కూర్చోండి."

ఆ 'కూర్చోండి'లో జాలి లేదు. గడియారానికి కాస్త ఊపిరి ఆడింది. కూర్చుంది.

"బకెట్టు ఖాళీగా ఉంటే పొయ్యలేదని ఎలా అనుకున్నారు?"

"కడిగిన బకెట్టు కూడా తడిగా ఉంటుంది. అందుకని. డబ్బా తూచి ఉంటే తెలిసేది. తూచలేదు."

"లోతువైపు పరీక్ష ఎందుకు చెయ్యలేదు?"

"డ్రిల్లు అక్కడుంది."

"రెండు గళ్లూ నిండకుండా బోర్డు తిప్పకూడదని తెలుసా?"

"తెలుసు. పదమూడో నియమం."

"మరి ఎందుకు తిప్పారు?"

"ఏడైంది."

ఆవిడ పెన్ను ఆపింది. "ఏడైతే?"

"ఏడుకి తెరవాలి. అది నాలుగో నియమం. రెండూ ఒకేసారి వచ్చిపడ్డాయి. నేను నాలుగు పట్టుకున్నాను." మాటలు ఈసారి తలుపు దగ్గర ఇరుక్కోలేదు. "పదమూడు పట్టుకోవాల్సింది. తెరవడం ఆలస్యమైతే పిల్లలకి విసుగొస్తుంది. అంతే. దగ్గు రాదు."

ఆవిడ రాసుకుంది. ఇంకా కొన్ని అడిగింది. ఎన్నిగంటలకు, ఎంత దూరంలో, ఎవరు చూశారు. అన్నీ అంతకుముందు బాబాయ్‌ని అడిగిన గొంతుతోనే అడిగింది. చివర్న, "ఆ పొద్దున డ్రిల్లు పని ఉందని మీకు ముందుగా చెప్పారా?" అంది.

"లేదు."

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. "మందు కలిపే వేళ హాల్లో ఇంకో పని పెట్టకూడదని మీకు ఇరవయ్యో నియమం ఉంది కదండీ?"

మేనేజరు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "పాపం ఆమెకి ఇబ్బంది కాకూడదనే మేడమ్ అలా రాసింది. మంచికే పోయాను."

"పోయారు గాని, పంపు మీదికి పోయారు. పంపు వెనక ఈయన ఉన్నారు. అది మీతో విడిగా మాట్లాడాలి. సాయంత్రం." ఆవిడ ఫైల్లోంచి అచ్చు కాగితం ఒకటి తీసి, గడులు నింపి, గడియారం ముందుకు తోసింది. "ఇది రాతపూర్వక హెచ్చరిక. నెలరోజులు మీరు మందు కలిపినప్పుడల్లా పక్కన ఇంకొకరు లెక్క చూసి సంతకం పెట్టాలి. చదివి సంతకం చెయ్యండి. ఏదైనా ఒప్పుకోకపోతే ఆ కిందిగడిలో రాయండి."

ఆమె మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. తన పేరు సరిగ్గా ఉంది. తేదీ సరిగ్గా ఉంది. తప్పు ఏమిటో రెండు వాక్యాల్లో ఉంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. కారణం దగ్గర 'ముందస్తు సమాచారం లేని శబ్దం' అని రాసి ఉంది. పాపం అన్న మాట ఎక్కడా లేదు.

"మేడమ్, అయితే నేను పనిలో ఉన్నట్టేనా?"

"హెచ్చరిక పనిలో ఉన్నవాళ్లకే ఇస్తారమ్మా," అంది ఆవిడ. మొదటిసారి నవ్వింది. "లేనివాళ్లని హెచ్చరించి ఏం చేసుకుంటాం?"

"తాళాల దగ్గరా, నీళ్ల దగ్గరా?"

"మందు కలిపేది ఎక్కడండీ? నీళ్ల దగ్గరేగా."

గడియారం సంతకం చేసింది. పేరులోని చివరి అక్షరం ఎప్పటికంటే పొడుగ్గా పోయి గడి దాటింది. వసారాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. మూడురోజుల ఆకలి ఒక్కసారే వేసింది.

ఇంటికెళ్లేసరికి అక్క పైటకు పిన్ను పెట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నేను వచ్చి మాట్లాడతా పద. కాళ్లైనా పట్టుకుంటా ఆ మేనేజరువి."

"మాట్లాడేశానక్కా."

"ఎవరూ?"

"నేనే."

అక్క కాగితం లాక్కుని గుమ్మంలోనే చదివింది. హెచ్చరిక అన్న చోట ఆమె మొహం పాలిపోయింది. నెలరోజులు అన్నచోట కుదుటపడింది. చివరికి వచ్చేసరికి చెప్పులతోనే గడప మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"తిట్టిన కాగితం చూసి ఇంత సంబరపడే దాన్ని నిన్నే చూశానే! ఫ్రేము కట్టించమంటావా?"

"వద్దు. ఫైల్లో పెట్టాలి," అంది గడియారం. "అన్నం ఉందా?"

*

శుక్రవారం పొద్దున మందు కలుపుతున్నప్పుడు విజిల్ పక్కన నిలబడి, కొలత కొలతకీ వేలు ముడిచి, "ఒకటి, రెండు, మూడు, అయిపోయింది, ఇంక ముట్టుకుంటే ఈల వేస్తా" అని నవ్వి సంతకం పెట్టింది. పసుపు టోపీ పిల్ల సోమవారం నుంచి వస్తుందని వాళ్లమ్మ చెప్పిందట. రెండువైపులా రంగు సరిగ్గా ఉంది. తెరిచేసరికి ఏడూ నాలుగైంది. పిల్లలు విసుక్కున్నారు. ఆమె విననట్టే ఊరుకుంది.

తొమ్మిది కావస్తుండగా పంపు బాబాయ్ గట్టు మీదికి వచ్చాడు. ఆయన మామూలుగా నీళ్ల వైపు రాడు. కాసేపు టోపీ చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. థాంక్సు చెప్పడానికి వచ్చాడనుకుంది ఆమె. థాంక్సుకు ఏం జవాబు చెప్పాలో మనసులో సిద్ధం చేసుకుంది.

"పోయిన శుక్రవారం నేను పంపు మూత తియ్యలేదు," అన్నాడు బాబాయ్.

సిద్ధం చేసుకున్న జవాబు దానికి సరిపడేది కాదు. 

"మోకాలు పట్టేసింది. వంగలేక, ఎప్పుడూ బానే ఉంటుంది కదా అని, సంతకం పెట్టేశా. మంగళవారం ఆ పిల్ల దగ్గు విన్నప్పట్నుంచి నాకు అన్నం దిగలేదు. నా వల్లే అనుకున్నా. నాలుగుసార్లు విప్పింది లోపం వెతకడానికి కాదు గడియారం, ఉంటే ఎలా అన్న భయంతో. నిన్న నువ్వు తలుపు తోసుకొచ్చి నేనే అన్నావు చూడు, నాకు కుర్చీలోనే ఏడుపొచ్చింది. ఆవిడ చూస్తుందని ఆపుకున్నా." ఆయన టోపీని మరో చేతికి మార్చాడు. "పిల్లని దగ్గించింది నేను కాదు. కానీ చూడకుండా సంతకం పెట్టింది నేనే."

"పంపు ఇప్పుడు బాగుందా?"

"కొత్తదానిలా ఉంది. నాలుగుసార్లు విప్పిన పంపు బాగోక చస్తుందా?"

"అయితే ప్రమాదమేం లేదు."

"లేదు." ఆయన ఆమె మొహంకేసి అనుమానంగా చూశాడు. "ఇది కూడా కాగితం మీద పెట్టి ఇచ్చేస్తావా?"

పోయిన వారమైతే ఇచ్చేసేదే. బీడీ కాగితం ఇచ్చింది కదా. ఆమె చేతిలో గాజు గొట్టాన్ని గుడ్డతో తుడుస్తూ ఆలోచించింది. తుడిచి, మళ్లీ తుడిచింది. తన పని మీద తన పేరు కొట్టేసిన చార్టు గుర్తుకొచ్చింది. అడక్కుండా ఇంకొకరు వచ్చి తన తప్పును ఎత్తుకుపోయినప్పుడు ఎలా ఉందో గుర్తుకొచ్చింది.

"అది మీది బాబాయ్," అంది చివరికి. "నేను చెబితే మీ దాన్ని నేను తీసుకున్నట్టవుతుంది. మీరే చెప్పండి. ఆవిడ ఇవాళ కూడా వచ్చారు, పైన మేనేజరు గదిలో పదిన్నరదాకా ఉంటారు."

"తిడుతుందా?"

"తిట్టరు. ప్రశ్నలడుగుతారు."

"ఎన్ని?"

"నన్ను పదకొండు అడిగారు."

బాబాయ్‌కి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగింది. మెట్ల వైపు చూశాడు. టోపీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. కమ్మీ పట్టుకుని, పట్టేసిన మోకాలిని ఒక్కో మెట్టూ ఎక్కించుకుంటూ పైకి వెళ్లాడు.

ఆమె వెనకాలే చూస్తూ నిలబడలేదు. తొమ్మిదైంది. లోతు తక్కువ వైపు నీళ్లు పట్టింది. లోతువైపు పట్టింది. బిళ్లలు వేసి, గొట్టాల్ని వెలుతురుకేసి పట్టుకుంది. రంగు నిదానంగా పైకి లేస్తోంది. విజిల్ పొట్టిగా ఒక ఈల వేసి ఎవర్నో గట్టు మీద నడవమంది. పైన మేనేజరు గది తలుపు మూసుకున్న చప్పుడైంది. రెండు అంకెలూ వేసి, గొట్టాలు కడిగి పెట్టింది. ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు. అది తెరుచుకుంటుందేమోనని ఆమె రెండుసార్లు పైకి చూసింది.

తొమ్మిదీ ఇరవై రెండుకి తలుపు తెరుచుకుంది. బాబాయ్ దిగి వస్తున్నాడు. ఎక్కినప్పటికంటే దిగడం ఆయన మోకాలికి ఇంకా కష్టం. అయినా కమ్మీ పట్టుకోవడం మర్చిపోయాడు. ఒక చేతిలో టోపీ, ఇంకో చేతిలో నాలుగు మడతల కాగితం. ఆఖరి మెట్టు మీద ఆగి, హాలంతా మోగేలా అరిచాడు.

"గడియారం! నన్ను తొమ్మిదే అడిగిందే!"